నాలుగో కేబిన్‌లో హంస

నగరి బస్సు తిరుపతి స్టాండులో ఆగేసరికి ఎనిమిదిన్నర. కొండకు పోయే జుట్లు, కొండ దిగిన గుండ్లు ఒకే టీ అంగడి ముందర నిలబడి ఊదుకుంటూ తాగుతున్నాయి. రూపశ్రీ టీ తాగలేదు. కుడి చేతిలో సంచి, ఎడమ చెయ్యి చున్నీ కింద. షేర్ ఆటో ఎక్కి రేణిగుంట రోడ్డులో ఉన్న ట్రైనింగ్ సెంటర్ ముందర దిగింది.

విహార ఓడలో గదులు సర్దే ఉద్యోగం. వేలమంది సరదాకి ఎక్కి తిరిగే ఓడ అది. వాళ్ల పరుపుల మీద దుప్పట్లు పరిచి, బాత్రూములు తోమి, చివర్లో ఒక టవల్‌ని హంసలాగానో ఏనుగులాగానో మడిచి మంచం మీద పెట్టి రావాలి. ఆ సెంటర్‌లోనే శిక్షణ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయిపోయాయి. ఇక మిగిలింది పని పరీక్ష ఒక్కటే. ఈ రోజు తప్పితే మళ్లీ ఏడాదికి.

"ఆడబిడ్డకి ఓడలో ఉద్యోగమేంది?" అని నగరిలో వీధి వీధంతా అడిగింది. పంతొమ్మిది రోజుల కిందట మగ్గాల షెడ్డులో ఒలికిన నూనె మీద జారి, ఆ ఆడబిడ్డ ఎడమ మణికట్టు విరిగింది. అప్పుడు మాత్రం ఆడబిడ్డకి మగ్గం పనేంది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

షెడ్డులో ఆరు మరమగ్గాలు. వాళ్ల నాయన ధనశేఖర్ ముప్పై ఏళ్లుగా ఆ మోతలో, ఆ దూది పొట్టులో నిలబడి ఉన్నాడు. ఒకసారి దగ్గు మొదలైతే పక్క మగ్గం పట్టుకుని గానీ నిలబడలేడు. "నేను ఓడెక్కిన రోజు నువ్వు షెడ్డు దిగాల" అని రూపశ్రీ ఆయన చేత ఒట్టు వేయించుకుంది. మోతలో పుట్టి మోతలో పెరిగిన పిల్ల. మోత లేని చోటు ఒకటి ఉంటుందని విని, అదెట్లా ఉంటుందో చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ.

చెయ్యి విరిగిన రోజు నాయనే బండి మీద పుత్తూరికి తీసుకుపోయాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, వాటి మీద బిగించిన గుడ్డ. కట్టు కట్టిన పెద్దాయన వేలు చూపించి మరీ చెప్పాడు. "మూడు కట్లు. నలభై అయిదు దినాలు. కట్టిన చెయ్యే విప్పాల తల్లీ. నువ్వుగా విప్పితే ఎముక దోవ తప్పుతాది."

ముందు రోజు సాయంత్రం నాయన కూడా అదే పాట.

"ఉండేది ఉండేట్టు వాళ్లకి చెప్పు రూపా. ఒక నెల ఆగమను."

"ఆగేదానికి అదేమన్నా నగరి బస్సా నాయనా, చెయ్యి ఎత్తితే నిలబెట్టేదానికి?"

ట్రైనింగ్ సెంటర్ బాత్రూంలో గడియ పెట్టుకుని రూపశ్రీ సంచిలోంచి బ్లేడు తీసింది. గుడ్డ పొరలు పొరలుగా తెగింది. పచ్చి ఆకు, గుడ్డు కలిసి ముక్కిన వాసన గుప్పుమంది. లోపలి చెయ్యి పాలిపోయి, నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉంది. సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. గుడ్డ, బద్దలు ఒక క్యారీ బ్యాగులో కుక్కి చెత్తబుట్టలో వేసింది. యూనిఫాం తొడుక్కుని, పొడుగు చేతులు దించి, బొత్తాం పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే అన్నీ బాగానే ఉన్నాయి.

*

ఆ సెంటరు ఒకప్పుడు లాడ్జి. కింద సెల్లార్‌లో నాలుగు గదుల్ని ఓడ కేబిన్ల మాదిరి కట్టించారు. ఇనప తలుపులు, గోడకు బిగించిన మంచాలు. కిటికీల్లేవు.

మోహన్‌కృష్ణ సార్ పదకొండేళ్లు ఓడల్లో పనిచేసి వచ్చిన మనిషి. బండల మీద నడిచేటప్పుడు కూడా కాళ్లు ఎడం చేసి నడుస్తాడు.

"వీటిని లోపలి కేబిన్లంటారు. పగలైనా రాత్రే. తలుపు మూస్తా. ఊపిరాడనోళ్లెవరో ఈడే తెలిసిపోవాల, నడి సముద్రంలో కాదు. కేబిన్‌కి పన్నెండు నిమిషాలు. భయమేస్తే తలుపు కొట్టు, తీస్తా. కొట్టినావంటే మాత్రం ఇంటికి పో."

"కొట్టను సార్."

"అందురూ అట్లే అంటారు." ఆమె ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

వరండాలో భారతమ్మ ఫినాయిల్ బకెట్ పక్కన కూర్చోనుంది. సెంటర్ ఊడ్చే ముసలామె. రూపశ్రీ పక్కనుంచి పోతుంటే చీర కొంగుతో నోరు తుడుచుకున్నట్టు చేసి, గొంతు తగ్గించింది.

"పాపా, నాలుగో దాంట్లో బిరీన ముగించుకో."

"ఏమవ్వా?"

"లైటు సరిగా ఉండదు." అంతే. మళ్లీ బండల వైపు తిరిగింది.

మొదటి కేబిన్ పళ్లు బిగబట్టుకుని ముగించింది. రెండో దాంట్లో పరుపు మూల ఎత్తేటప్పుడు మణికట్టులో సన్నగా ఏదో కదిలింది. కళ్ల ముందర చుక్కలు మెరిసి పోయాయి. మూడో దాంట్లో ఏనుగు చేసింది. తొండం వంకరగా వచ్చింది. సార్ చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

నాలుగో కేబిన్. గోడలోని సందులో గది తాళం కార్డు పెడితే లైటు వెలిగింది. వెనక తలుపు మూసుకుంది. పాత లాడ్జి చెమ్మ, ఫినాయిల్. దుప్పటి పరిచింది. దిండ్లు సర్దింది. ఇంకా ఆరు నిమిషాలుంటాయి. ఒక్క హంస చేస్తే అయిపోతుంది.

పచ్చి ఆకు వాసన.

తన చెయ్యే అనుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. మళ్లీ పీల్చింది. ఆకు. గుడ్డు. ఆ రెంటి కింద ఇంకేదో... మురిగిన వాసన. మంచం అవతలి పక్కనుంచి వస్తోంది.

లైటు పోయింది.

చీకటి అంటే కళ్లు అలవాటు పడే చీకటి కాదు. మొహం ముందర చెయ్యి ఊపినా గాలి తగులుతుంది గానీ చెయ్యి కనబడదు. పక్క గది లేదు, రోడ్డు లేదు, హారన్ లేదు. మోతే లేదు. పుట్టినప్పటి నుంచీ ఆశపడిన చోటు ఇదేనా అనిపించి ఆమెకు నవ్వు రాబోయి ఆగింది.

కార్డు తీసి మళ్లీ పెట్టింది. లైటు రాలేదు. పిడికిలి తలుపు దాకా పోయింది. కొడితే సార్ తీస్తాడు. కొడితే ఇంటికి. నాయన మగ్గం పట్టుకుని దగ్గుతుంటాడు, ఇంకో ఏడాది. పిడికిలి దించేసింది.

టవల్ని మంచం మీద తడుముకుంటూ పరిచింది. హంసకు రెండు అంచులూ మధ్యకు చుట్టుకు రావాలి. ఒక చుట్టని ఎడమ చెయ్యి గట్టిగా పట్టి ఉంచితేనే రెండోది చుట్టగలం. ఎడమ చెయ్యి పట్టలేకపోయింది. చుట్ట విడిపోయింది. మళ్లీ చుట్టింది. మళ్లీ విడిపోయింది. మూడోసారి నొప్పికి కళ్లలోంచి నీళ్లు దుప్పటి మీద పడిన చప్పుడు వినిపించింది.

"పట్టుకునేదా... అక్కా?"

మంచం అంత ఎత్తులోంచి వచ్చింది ఆ గొంతు.

"ఎవురు?"

తలుపు తెరుచుకోలేదని రూపశ్రీకి తెలుసు. తెలిసీ, ఇంకో అభ్యర్థిని ఎవరినో పంపించారని తనకు తాను చెప్పుకుంది. భయంలో మనిషి తనతో తానే వాదించి గెలుస్తుంది.

"నువ్వు చుట్టు... నేను పట్టుకోనుండా."

చుట్టింది. ఎడమ పక్క చుట్ట ఈసారి విడిపోలేదు. రాయిలా నిలబడింది. కుడి పక్క చుట్టుకొచ్చింది. మెడ మలిచేటప్పుడు ఇంకో చెయ్యి ఆమె వేళ్ల మధ్యలోకి వచ్చి మడత సరిచేసింది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. తడిగా ఉన్నాయి.

హంస అయిపోయింది. ఆ చెయ్యి మాత్రం పోలేదు.

రూపశ్రీ కుడి చేత్తో దాన్ని తడిమింది. వేళ్లు. గోళ్లు. మెటికలు. మణికట్టు, దానికి అంటుకుపోయిన తడి గుడ్డ. ఇంకా పైకి...

పైన ఏమీ లేదు.

గాలి. దుప్పటి. మళ్లీ గాలి.

"నేను పోలేకపోతిని అక్కా..." చెవి పక్కనే. "నా చెయ్యన్నా పోనీ."

తలుపు రెండు అడుగుల దూరంలో ఉంది. ఒక్క దెబ్బ కొడితే చాలు.

"ఊ" అంది రూపశ్రీ.

ఎందుకన్నదో ఆమెకు తెలీదు. కథ చెప్పే వాళ్లకు ఊ కొట్టినట్టు వచ్చేసింది నోట్లోంచి. మణికట్టు లోపల చల్లగా ఏదో కదిలి, వేళ్ల కొసల దాకా నిండింది. నొప్పి... ఆగిపోయింది.

లైటు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

మోహన్‌కృష్ణ సార్ మంచం మీద హంసని చూసి కనుబొమలు ఎత్తాడు. తల ముందుకు కాదు, వెనక్కు తిరిగి ఉంది. తన వీపు తానే చూసుకుంటున్నట్టు.

"భలే ఉండాది... ఈ మెడ మడత ఎవురు చెప్పినారు నీకు? ఈ బ్యాచ్‌కి నేను నేర్పించలేదే." నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో నిలిచిపోయింది. హంసని ఇంకోసారి చూసి, కాగితం మీద గబగబా టిక్కు పెట్టాడు. "సరే, పో. సెలెక్టెడ్."

*

మెట్ల మీద భారతమ్మ అడ్డం వచ్చింది. చేతిలో క్యారీ బ్యాగు.

"ఇది నీదే కదా?"

రూపశ్రీ ఎడమ చెయ్యి వెనక్కు పెట్టుకుంది.

"పోయిన ఏడాదీ ఇట్లే బుట్టలో దొరికినాది నాకు. జెస్సీ అని, సత్యవేడు పక్క పిల్ల. ఆ నాలుగో దాంట్లోనే పరుపు ఎత్తేటప్పుడు ఎముక మళ్లా ఇరిగినాది. తలుపు కొట్టలా. కొడితే ఇంటికి పంపిస్తారని. హంస చేసి పెట్టి, నవ్వుకుంటా బయటికొచ్చి, పాసైనాది. మర్నాడే చెన్నైకి పోయి వేలిముద్రలు కూడా ఇచ్చొచ్చినాది. నాలుగు దినాలకి చెయ్యి నల్లగా అయిపాయ. ఆస్పత్రిలో తీసేసినారు. ఆ తరవాత పిల్ల పానమూ నిలవలా."

తలుపు కొడితే ఇంటికి పో అని నియమం పెట్టిన వాళ్లెవరో గానీ, వాళ్ల చేతులు మాత్రం బాగానే ఉన్నాయి.

"ఇప్పుడే పుత్తూరికి పో పాపా. ఈ గుడ్డ ఎత్తుకోని పో. కట్టినోళ్ల కాళ్లు పట్టుకో."

"అవ్వా, నొప్పే లేదు. సూడు." రూపశ్రీ మణికట్టు గిరగిరా తిప్పి చూపించింది.

భారతమ్మ ఒక మెట్టు కిందికి దిగింది.

"నొప్పే లేదా?"

"కొంచెం కూడా లేదు."

ముసలామె ఆ చెయ్యి వైపు చూడలేదు. రూపశ్రీ మొహమే చూస్తూ, క్యారీ బ్యాగుని మెల్లగా మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. రూపశ్రీ దాన్ని అక్కడే వదిలేసింది.

ఇంటికి పోయి నాయనతో అబద్ధం ఆడింది. పుత్తూరులో దిగి విప్పించుకున్నానంది. నాయన మొహం వెలిగిపోయింది. అప్పుడే రెండో మగ్గంలో పోగు తెగింది. రూపశ్రీ ఎనిమిదో ఏట నుంచి కట్టిన ముడి. కళ్లు మూసుకుని కడుతుంది. కుడి చేతి వేళ్లు పోగు అందించాయి. ఎడమ చేతి వేళ్లు అందుకున్నాయి... ఆ తర్వాత ఏం చెయ్యాలో వాటికి తెలీలేదు. మొదటిసారి నూలు ముట్టుకున్న పరాయి పిల్ల వేళ్లలాగా తడబడ్డాయి.

"ఏమ్మే, ముడి మరిచిపోయినావా?" నాయన నవ్వుతూ దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. నవ్వు పోయింది. "ఇంత సల్లగా ఉండాదేంది?"

"ఏసీలో పని కదా నాయనా."

ఆయన ముడి తానే వేసుకున్నాడు.

*

తొమ్మిది రోజుల తర్వాత ఇద్దరూ చెన్నైకి పోయారు. రాష్ట్రం పొలిమేర దాటేదాకా నాయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకానికి వేలిముద్రలు ఇవ్వాలి. గుమాస్తాకి తెలుగు వచ్చు.

కుడి చేతి వేళ్లు గాజు పలక మీద పెట్టింది. పచ్చ లైటు.

ఎడమ చేతివి పెట్టింది. ఎర్ర లైటు.

"తుడుచుకోమ్మా."

నాయన భుజం మీది తువ్వాలు అందించాడు. తాను నేసిందే. రూపశ్రీ తుడుచుకుని తువ్వాలు బల్ల మీద పెట్టి మళ్లీ వేళ్లు ఆనించింది. ఎర్ర లైటు. గుమాస్తా తెర వైపు వంగి చూశాడు.

"ఇంతకుముందు వేరే పేరుతో వచ్చినావా?"

"లేదు సార్."

"ఈ ముద్రలు పోయిన ఏడాదే ఇక్కడ ఉండాయే." తెర ఇటు తిప్పాడు. పొడుగు చేతుల యూనిఫాం వేసుకున్న అమ్మాయి. నవ్వు. కింద పేరు... జెస్సీ.

రూపశ్రీ ఎడమ చెయ్యి పలక మీది నుంచి లాక్కుంది.

"ఒకే మనిషికి రెండు పేర్లు కుదరవమ్మా. ఒకటి ఉంచాల, ఒకటి తీసేయాల." కాగితం ముందుకు తోశాడు. "ఏది ఉంచేదో నువ్వే రాసి సంతకం పెట్టు."

"నీ పేరు రాయమ్మే, దానికేంది?" అన్నాడు నాయన వెనకనుంచి. ఆ తర్వాత ఆయన గొంతు మారింది. "రూపా... నా తువ్వాలు..."

ఆమె తల తిప్పి చూసింది. బల్ల మీద తువ్వాలు లేదు. అది ఉండాల్సిన చోట ఒక హంస ఉంది. మెడ వెనక్కు తిప్పి నాయన వైపే చూస్తోంది.

పెన్ను అప్పటికే ఎడమ చేతిలో ఉంది.