బాలింత పథ్యం

తెల్లారీ తెల్లారకముందే ఎమ్మిగనూరు ఎండ మొదలెట్టేసింది. ఆదోని రోడ్డులో ఉన్న ఆ ముప్పై పడకల ఆసుపత్రిలో, కాన్పుల వార్డు ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి అందరికీ పంచుతున్నాయి. కిటికీ పక్క మంచం మీద సువార్త పెదాలు తడుపుకుంటూ పడుకుని ఉంది. పక్కన పొత్తిళ్ళలో ఆడబిడ్డ. రెండు కడుపులు పోయాక దక్కిన బిడ్డ.

అత్త సుభద్రమ్మ తలుపు వైపు ఒకసారి చూసుకుంది. స్టీలు సీసా నిండా ఉన్న నీళ్ళను కిటికీలోంచి బయటికి ఒంపేసింది. పొద్దున్నే ఆ సీసా నింపిపెట్టింది ఆమె కూతురు కృప. కృప ఆ ఆసుపత్రిలోనే నర్సు.

"అత్తా, రోంత నీళ్ళు పొయ్యి అత్తా. నాలిక అతుక్కపోతాంది."

"పచ్చి బాలింతవే నువ్వు. నీళ్ళు తాగితే ఒళ్ళంతా నీరు పడ్తాది. ఈ శొంఠి ముద్ద మింగు."

"తలకాయ పగిలిపోతాంది."

"నిద్ర లేక అట్లనే ఉంటాదిలే. నేను ఇద్దర్ని కన్లేదా?"

సుభద్రమ్మ చెడ్డ అత్త కాదు. అత్త అనగానే అట్లకాడ కాల్చి వాతలు పెట్టేదే అయి ఉండాలా ఏమిటి? నిండు చూలాలికి కాళ్ళు ఒత్తిన మనిషి ఆమె. నీళ్ళంటే ఆమెకు నిజంగా భయం. ఆమె చెల్లెలు తొలికాన్పు అయ్యాక దాహానికి ఆగలేక, దొంగచాటుగా చెంబెత్తి తాగింది. తర్వాత జ్వరం వచ్చి పోయింది. నీళ్ళే చంపాయని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. బొడ్డు కోసిన మంత్రసాని కొడవలి తుప్పు గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.

కృప మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చింది.

"అమ్మా, వదిన నీళ్ళు బాగా తాగుతాందా?"

"తాగుతాంది. సీసా సూడు, అయిపోయె."

"ఈ ఎండలకి నీళ్ళు లేకపోతే బాలింతకి పానం మీదికి వస్తాది మా. అందరికీ సెప్పేదే నీకూ సెప్తాండా."

సుభద్రమ్మ తల ఊపింది. తల ఊపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. డాక్టరమ్మ చెప్పినా, చర్చిలో పాస్టరు చెప్పినా ఒకేలా ఊపేది. తర్వాత తను చేసేదే చేసేది. కృప తక్కిన బాలింతల దగ్గర నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. ఈ ఒక్క మంచం దగ్గర మాత్రం కన్నతల్లి మాట నమ్మింది. తల్లి మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్మాలి, మీరే చెప్పండి!

"తలనొప్పి తగ్గలేదంటాండావు కదా వదినా, డాక్టరమ్మను పిల్సుకొస్తా" అంటూ రోజూ ఇచ్చే ఇంజక్షన్ ఇచ్చింది కృప.

అప్పుడే సువార్త భర్త రవికుమార్ వార్డులోకి వచ్చాడు. ఆదోని పత్తి మిల్లులో బేళ్ళు మోసే మనిషి. రాత్రి డ్యూటీ దిగి, బిడ్డను చూపిస్తానని మిల్లు స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. ముఖంలో సంతోషం అంతా ఇంతా కాదు.

"ఏమ్మే సువార్తా, నా కూతురు ఏమంటాంది?"

సువార్త జవాబు చెప్పబోయింది. నోరు ఒక పక్కకి పోయింది. కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళంతా కొయ్యబారి, మంచం గడగడలాడేలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోటి వెంట నురగ వచ్చింది.

"సూది ఏసిందప్పా! ఏసినంకనే ఇట్లయింది!" పక్క మంచం దగ్గరి ముసలామె కేక పెట్టింది.

అంతే. రవికుమార్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది, చెయ్యి దానికంటే ముందుంటుంది. మిఠాయి పొట్లం కింద పడేసి చెల్లెలి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకి కృప ట్రాలీ మీద పడింది. సీసాలు భళ్ళున పగిలాయి. గాజుముక్కలు అరచేతిలో దిగాయి.

"వదిన్ని పక్కకి తిప్పు హుసేనమ్మా! నోట్లో ఏం పెట్టనియ్యొద్దు!" నెత్తురు కారుతున్నా కృప అరిచింది ఆ మాటే.

ఆయా హుసేనమ్మ సువార్తను ఒక పక్కకి తిప్పి, నురగ తుడిచి, రవికుమార్‌కి అడ్డం వెళ్ళింది. "ఆడమనిషిని కొడ్తావా? నీ సెయ్యి పడిపోను!" వాడు ఆమెను ఒక్క తోపు తోశాడు. మంచం ఇనుప కమ్మీ తగిలి ఆమె కనుబొమ చీలిపోయింది. హుసేనమ్మ అక్కడే కూలబడింది.

రవికుమార్ చెల్లెలి జడ పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. సెలైను స్టాండు చేతికి దొరికింది. "నా పెళ్ళాన్ని సంపినావే నువ్వు!" అని ఎత్తి కొట్టాడు. కృప ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు వరండా చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడింది.

సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, మనవరాలిని గుండెలకు హత్తుకుని. జరిగింది ఏమిటో ఆమెకు తెలుసు. నోరు విప్పితే ఆ దెబ్బలు ఆగుతాయని కూడా తెలుసు. కానీ నోరు రాలేదు. కొడుకు చిన్నప్పుడు చెల్లెల్ని చితకబాదినప్పుడల్లా ఆమె కూతుర్నే కసిరేది. "వాడికి కోపం ఎక్కువ, నువ్వే తగ్గాల" అనేది. అలవాటైన నోరు అప్పటికప్పుడు ఎలా తెరుచుకుంటుంది?

డాక్టర్ రాజశ్రీ పరుగున వచ్చింది. మందు ఎక్కించి ఫిట్స్ ఆపింది. సువార్తకు మాత్రం స్పృహ రాలేదు. డాక్టరమ్మ బీపీ చూసింది, ఒళ్ళు పట్టుకుని చూసింది, నొసలు ముడివేసింది.

"బీపీ బాగానే ఉంది. జ్వరం లేదు. మరి ఫిట్స్ ఎందుకొచ్చాయి? సుభద్రమ్మా, నిజం చెప్పు. ఈ పిల్ల సరిగా నీళ్ళు తాగిందా?"

వరండాలో కొడుకు రొప్పుతున్నాడు. చేతిలో స్టాండు అలాగే ఉంది. సుభద్రమ్మ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

"తాగింది మేడమ్."

"అయితే ఇంజక్షన్ పడలేదా ఏమిటి? అదే ఇంజక్షన్ నిన్న బాగానే పడిందే..." డాక్టరమ్మ తనలో తాను అనుకుంది. "ఏదైనా సరే, ఆదోని తీసుకుపోయి తలకి స్కాను తీయించాలి. అంబులెన్స్ పిలవండి."

ఆ సగం మాట రవికుమార్ చెవిన పడింది. ఇంజక్షన్ పడలేదంట! ఇక వాడిని పట్టేవాళ్ళు లేరు. స్ట్రెచర్ అంబులెన్స్ దాకా వచ్చేసరికి మిల్లు స్నేహితులంతా బండికి అడ్డం నిలబడ్డారు. ఒకడు రాయి తీసుకుని ముందు అద్దం పగలగొట్టాడు. డ్రైవరు దిగి పారిపోయాడు.

"సంపినోళ్ళే మోసకపోతారా? ఈడ్నే జవాబు సెప్పాల! సెప్పేదాకా బండి కదలదు!"

"బాబూ, ఆలస్యమైతే మనిషి దక్కదు" అని డాక్టరమ్మ రెండు చేతులూ జోడించింది. వాళ్ళు ఆమెను కూడా నెట్టేశారు.

రవికుమార్ స్టాండు కింద పడేసి, స్ట్రెచర్ వెంట వచ్చిన కృపను మెడ పట్టుకుని బండి తలుపుకి అదిమాడు. ఆమె విరిగిన చెయ్యి వేలాడుతోంది. చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏం సూది ఏసినావో సెప్పు!"

"అన్నా..." ఆమె గొంతు పీలగా వచ్చింది. "నన్ను తర్వాత సంపుదువులే. ముందు వదిన్ని పోనీ."

వాడు మెడ మీద ఇంకా బలంగా నొక్కాడు. కృప కాళ్ళు తేలిపోయాయి.

"ఇడిసిపెట్టురా దాన్ని!"

ఆ కేక సుభద్రమ్మదని మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. బిడ్డను డాక్టరమ్మ చేతుల్లో పెట్టి వచ్చి కొడుకు ఎదుట నిలబడింది.

"నేనురా! నేను నీళ్ళియ్యలేదు. కాన్పయినప్పట్నుంచి గుక్కెడు కూడా తాగనియ్యలేదు. మీ చెల్లెలు నింపి పెట్టిన నీళ్ళన్నీ కిటికీలోంచి పారబోసినాను. అది అడిగితే తాగిందని అబద్ధం సెప్పినాను. డాక్టరమ్మకీ అబద్ధమే సెప్పినాను. నీ పెళ్ళాం గొంతెండి అడిగిందిరా, నీళ్ళు పొయ్యి అత్తా అని. పొయ్యలేదు నేను!"

రవికుమార్ చెల్లెలి మెడ వదిలేశాడు. కింద పడి ఉన్న స్టాండు తీసుకున్నాడు. పిచ్చెక్కినవాడి కళ్ళతో తల్లి మీదికి ఎత్తాడు. సుభద్రమ్మ తప్పుకోలేదు.

"కొట్టు. దాన్ని కొడ్తాంటే సూస్తా నిలబడినా కదా. నాకు పడాల్సిందే."

దెబ్బ పడింది. కానీ తల్లికి కాదు. కృప ఎలా లేచిందో, ఎలా మధ్యలోకి వచ్చిందో, ఆ ఇనుప కడ్డీ ఆమె వీపు మీద పడింది. తల్లిని ఒంటి చేత్తో పట్టుకుని ఆమె అలాగే మోకాళ్ళ మీద కూలిపోయింది.

స్నేహితుడు వెంకటేశులు అప్పటిదాకా రవికుమార్ పక్షమే. ఇప్పుడు వెనకనుంచి వచ్చి వాడిని గట్టిగా పట్టుకున్నాడు. "సాలప్పా! సాలు! ఎవర్ని కొడ్తాండావో తెలుస్తాందా నీకు?" అని స్టాండు లాక్కుని అవతలికి విసిరేశాడు. అడ్డం నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి జరిగారు. అద్దం లేని ఆ బండిని వెంకటేశులే ఆదోనికి నడిపాడు.

బండి కదిలేముందు డాక్టర్ రాజశ్రీ ఫోనులో ఆదోని డాక్టరుతో అన్న మాటలు సుభద్రమ్మ చెవిన పడ్డాయి. "నీళ్ళు లేక రక్తం చిక్కబడి ఉంటుంది. మెదడులో గడ్డ కట్టిందేమో, ముందు అదే చూడండి." సుభద్రమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నెత్తి నేలకేసి కొట్టుకుంది. తన చెల్లెలికి దక్కని పథ్యం కోడలికైనా దక్కాలనుకుంది పాపం. చేతులారా ఆ పిల్లను చావు దాకా నెట్టింది.

గడ్డ ఉన్న మాట నిజమే. సమయానికి మందు పడింది కాబట్టి సువార్త బతికింది. బతికింది గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడింది. ఆదోనిలో ప్రమాదం తప్పిందన్నాక మళ్ళీ ఎమ్మిగనూరు ఆసుపత్రికే తీసుకొచ్చారు. కనుబొమకి కుట్లతోనే హుసేనమ్మ రోజూ ఆమె చేతిలో గోధుమపిండి ముద్ద పెట్టి పిసికించేది. "గట్టిగా తల్లీ, గట్టిగా. రేపు నీ కూతురికి జడ ఎవరేస్తారు?" అనేది. చేతికి కట్టుతోనే కృప వదిన పక్కన కూర్చుని, పడిపోయిన వేళ్ళను ఒక్కొక్కటే వంచి, చాపించేది. బిడ్డను ఆ చేతిలో పెట్టి కింద తన చెయ్యి ఆన్చేది. సువార్త బిడ్డ పాదాన్ని సొంతంగా పట్టుకున్న రోజు వార్డులో అందరూ చప్పట్లు కొట్టారు.

సుభద్రమ్మ అన్నిటికీ ఉండేది, ఒక మూలన. కృప తల్లితో మాట్లాడేది కాదు. "ఆ గుడ్డ ఇయ్యి", "పాలు కాసుకొనిరా" అనేదే తప్ప, అమ్మా అనే పిలుపు ఆగిపోయింది. అన్నిటికంటే అదే సుభద్రమ్మను ఎక్కువ కాల్చేది.

రవికుమార్ మీద పోలీసు కేసు అయింది. బెయిలు మీద వచ్చాక, పాస్టరు సామ్సన్‌తో, ఇద్దరు కులపెద్దలతో కలిసి ఆసుపత్రి వరండాకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చెల్లెలి ముఖం చూడలేక స్తంభాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"సూడమ్మా కృపా" అని పెద్దమనిషి మొదలుపెట్టాడు. "అన్నాచెల్లెండ్ల మధ్య పోలీసులెందుకు? కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడ్తాది. వాడు జైలుకి పోతే వదినా బిడ్డా ఏం కావాల? రాజీ అయిపో తల్లీ."

కృప లోపలికి చూసింది. మంచం మీద సువార్త బిడ్డను ఒడిలో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఇటే చూస్తోంది. కృప పెద్దగా నిట్టూర్చింది. "సరే. నేను..."

"వద్దు."

సుభద్రమ్మ మూలలోంచి లేచి వచ్చింది.

"అది ఊకుంటాది పెద్దాయనా. ఎప్పుడూ ఊకునేది అదే. బళ్ళోకి పొయ్యేటప్పుడు వీడు పలక ఇసిరి దాని నుదురు పగలగొడితే, నెత్తురు తుడిసి, అన్నకి ఎదురు సెప్తావా అని దాన్నే తిట్టినాను. నేను అన్నం పెట్టినట్టే వీడికి కోపం కూడా పెట్టి పెంచినాను. ఈ దినం కూడా అదే తగ్గితే, ఆ ఒళ్ళో ఉండే బిడ్డ రేపు ఏం నేర్సుకుంటాది? దెబ్బలు తిని నోరు మూసుకునేది నేర్సుకుంటాది. కోర్టులో నేనే సెప్తా. నీళ్ళియ్యని నా తప్పూ సెప్తా, వీడి తప్పూ సెప్తా."

"కన్నకొడుకు మీదనా సుభద్రమ్మా!" అన్నాడు పాస్టరు నెమ్మదిగా.

"కన్నకూతురు మీద పడిన దెబ్బలు సూస్తా నిలబడినప్పుడు నన్నెవరూ అడగలేదే అయ్యగారూ."

రవికుమార్ స్తంభం వదిలి ఇటు తిరిగాడు. కట్టుతో ఉన్న చెల్లెలి చేతిని మొదటిసారి నేరుగా చూశాడు.

"అమ్మ సెప్పినట్టే కానీ కృపా. నేను ఒప్పుకుంటా. ఏం శిక్ష ఏసినా పడ్తా." ఏదో చెప్పబోయి ఆగి, మళ్ళీ అన్నాడు. "వచ్చేదాకా... ఆ ఇద్దర్నీ సూసుకో. అడిగే మొగం లేదు నాకు."

అడగాల్సిన పని లేదని కృప కళ్ళతోనే చెప్పింది. వాడు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి రాకుండా, బిడ్డను దూరం నుంచే కాసేపు చూసి, పెద్దమనుషుల వెనకే మెట్లు దిగిపోయాడు.

సుభద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి జారగిలబడింది. కొడుకుని తన చేత్తో జైలుకి పంపుకునే తల్లి బాధ ఏ మాటల్లో చెప్పగలం! కృప వచ్చి పక్కన కూర్చుంది. చెంప పగిలినప్పుడు గానీ, ఎముక విరిగినప్పుడు గానీ ఆ పిల్ల కంట నీటిచుక్క రాలేదని హుసేనమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు తల్లి ఒడిలో తల పెట్టి, "అమ్మా, ఆ పొద్దు నాకు శానా నొప్పి అయిందే" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.