ఒకే మైకు ముందు

"ఎలా వచ్చింది జోవీ?" విల్మర్ వంటగది గుమ్మంలోంచి తల పెట్టి అడిగాడు.

"అద్భుతం," అంది వంటగదిలో రికార్డింగ్ మిషన్ ముందు కూర్చున్న జోవీ బొంగురు గొంతుతో, చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీయకుండానే. "ఇదే ఉంచేద్దాం."

అబద్ధం. పాట ఘోరంగా వచ్చింది.

ఫిలిప్పీన్స్‌లోని బాగియో కొండ మీది ఆ చెక్క ఇంట్లో ఆల్బమ్ అంతా ఒకే మైకుతో రికార్డు చేస్తున్నారు. ఇద్దరు పాడితే ఇద్దరూ ఆ మైకు ముందే ఎదురెదురుగా నిలబడాలి. ఎవరెంత దగ్గరుంటే వాళ్ల గొంతు అంత వినిపిస్తుంది. తర్వాత సరిచేసుకునే వీల్లేదు. మిగతా పాటలన్నీ జోవీ, విల్మర్ అలాగే, నుదురూ నుదురూ తగిలేంత దగ్గరగా నిలబడి పాడేశారు. తీరా ఆఖరి పాట దగ్గరికొచ్చేసరికి జోవీకి జలుబు చేసి గొంతు పట్టేసింది. అద్దెకు తీసుకున్న ఇల్లు రేపటి నుంచి వేరేవాళ్లది.

"నీ బదులు నేను పాడనా?" అని ముందుకొచ్చింది వయొలిన్ వాయించడానికొచ్చిన బియా.

తనకంటే పెద్దదని 'అటే', అంటే అక్కా, అని గౌరవంగా పిలుస్తూనే, జోవీ ఆమెని పొద్దుటి నుంచీ చూపులతోనే కాల్చేస్తోంది. బియా స్ట్రాబెర్రీ తాహో అనే మెత్తటి తీపి తినుబండారం కొనుక్కొచ్చి విల్మర్‌కి సగం ఇచ్చింది. అతని కాలర్ మీద దారప్పోగు తీసింది. ఆ దారప్పోగు వారం నుంచీ అక్కడే ఉందనుకోండి, జోవీ దాన్ని చూస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ పాటలో బియా గొంతు తేనెలా ఉంది. విల్మర్ గొంతు మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. పాట బాగుపడాలంటే అతన్ని ఆమె దగ్గరికి జరగమనాలి. ఆ మాట జోవీయే చెప్పాలి.

చెప్పకుండా ఊరుకుంటే? తను రాసిన పాట, తన చేతుల్లోనే పాడయిపోతుంది.

జోవీ అల్లం టీ ఒక్క గుక్కలో మింగింది. "బాలేదు. నువ్వు దగ్గరికి జరగాలి."

"జరిగానుగా!"

"ఎవరి దగ్గరికి, గోడ దగ్గరికా?"

మైకున్న గదిలోంచి బియా పకపకా నవ్వింది. "నేను కరవనని కూడా చెప్పు జోవీ!"

మళ్లీ మొదలుపెట్టారు. వీధిలో జీప్నీ బస్సు ఒకటి రొద చేసుకుంటూ పోయి ఆ పాటని పాడు చేసింది. తర్వాతిసారి విల్మర్ అరడుగు ముందుకేసి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి తగ్గాడు. కిటికీ అవతల పైన్ చెట్ల మీదికి మబ్బు దిగుతోంది. వాన మొదలైతే రేకుల చప్పుడులో ఇక పాట లేదు.

జోవీ విసురుగా వెళ్లి, అతని మోచేతులు పట్టుకుని బియా ఎదురుగా నిలబెట్టింది. "ఇదిగో, ఇక్కడ. పాడు."

విల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. మొదటి మాట దగ్గరే ఆపేశాడు.

"నా వల్ల కాదు."

"నాతో అన్ని పాటలు పాడావుగా! అప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

"అప్పుడు ఎదురుగా నువ్వున్నావు."

"అంటే?"

"అంటే... ఆ మాటలు ఎవరి కోసం రాశావో నాకు తెలీదు జోవీ. నేను మాత్రం మొదటి పాట నుంచీ నీకే పాడుతున్నాను. వేరే మొహం చూస్తూ ఎలా పాడను?"

బియా నింపాదిగా జోవీ మెడలోని హెడ్‌ఫోన్స్ తీసుకుంది.

"ఇక్కడ నిలబడు. మిషన్ సంగతి నేను చూస్తాను."

"నా గొంతు కప్పలా ఉంది అటే!"

"పొద్దుట్నుంచీ నా మీద కారాలు మిరియాలు నూరడానికి బాగానే పనికొచ్చిందిగా? పాడు."

పాడారు. పై స్థాయిలో జోవీ గొంతు జీరబోయింది. విల్మర్ గొంతు కిందనుంచి దాన్ని పడిపోకుండా పట్టుకుంది. చివరి చరణంలో రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఎవరూ ఆపలేదు.

ఆఖరి మాట అయ్యాక జోవీ కళ్లెత్తింది. "ఎవరి కోసం రాశానో అడగవా?"

"అడగాలా?"

"అక్కర్లేదు. వెనక్కి జరుగు, జలుబు అంటుకుంటుంది."

"అంటుకోనీ."

"పాట అయిపోయింది!" వంటగదిలోంచి బియా కేకేసింది. "రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. ఈ ముచ్చట్లు ఉంచాలా, కోసెయ్యాలా?"

"ఉండనీ అటే," అంది జోవీ, చూపు తిప్పకుండానే.