రోల్‌బ్యాక్ నొక్కినా వెనక్కి రానివి

"మన సైరన్ యాప్‌ను ఎవరో కెలికారు జయరాజ్," చీఫ్ ఈశ్వరరావు గొంతు ఇయర్‌ఫోన్‌లో గరగరలాడింది. "మధ్యాహ్నం గండిపేట గేట్లు ఎత్తుతారు. మూసీ ఒడ్డున సైరన్లు మోగాలంటే ఆ యాప్ పనిచెయ్యాలి. చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌లో దిగిన విదేశీ ముఠా పనే ఇది."

"మా అవ్వ ఆ మూసీ ఒడ్డుకే గడ్డి కోస్తున్నది సార్. ఫోన్ ఇంట్లనే ఇడిసిపోయింది."

"అయితే త్వరగా కానీ!"

గూఢచారంటే నల్లకోటు, నల్లకళ్లద్దాలు అనుకునేరు. మన జయరాజ్ ఖాకీ చొక్కా వేసుకుని, మొయినాబాద్ చౌరస్తాలో ఆటో పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో లాప్‌టాప్. పక్కన పవర్ బ్యాంక్‌లా కనిపించే శాటిలైట్ మోడెమ్.

నల్లకారు ఆగింది. మెరిసే చీరలో ఎస్తేర్ దిగింది. ముఠాలో చేరి మనకు కబుర్లు అందించే ఏజెంట్ ఆమె.

"చిల్కూరు పోతవా అన్నా?"

"రిటర్న్ కిరాయి గూడ ఇయ్యాలె."

గుర్తు మాట కలిసింది. వచ్చే నెల మొగుడు కాబోయేవాణ్ని అన్నా అని పిలవాలి, ఏం దిక్కుమాలిన ఉద్యోగమో!

"ఫికర్ చెయ్యకు," ఎస్తేర్ గొంతు తగ్గించింది. "యాప్ నడిచే హోస్టింగ్‌ల పాత డెప్లాయ్‌లు, అదే మనం ఎక్కించిన పాత వర్షన్లన్నీ ఉంటయ్. నిన్నటిదానికి రోల్‌బ్యాక్ నొక్కు. యాప్ కోడ్, సైరన్లను మోగించే రహస్య కీలు అన్ని ఎనక్కి వస్తయ్."

"నువ్వెటు?"

"పోతున్న."

కారు కదిలిపోయింది. జయరాజ్ రోల్‌బ్యాక్ నొక్కాడు. పచ్చటి టిక్కు పడింది. అయినా మనసు కుదుటపడలేదు.

ఎస్తేర్ చేవెళ్ల పిల్ల. పక్కింటికి పోయినా 'పోయొస్త' అనేది. మళ్లీ వచ్చే మనిషెవరూ మన దగ్గర 'పోతున్న' అనరు. ఇవాళ ఆమె నోట వచ్చిన అబద్ధం కాని మాట అదొక్కటే.

టెస్ట్ సైరన్ నొక్కాడు. మోగలేదు. ఆ హోస్టింగ్ వాళ్ల 'తరచూ అడిగే ప్రశ్నలు' తెరిచాడు.

'రోల్‌బ్యాక్ చేస్తే రహస్య కీలు కూడా పాతవే వస్తాయా?'

'రావు. కోడ్ మాత్రమే వెనక్కి వస్తుంది. కీలు మీరే మార్చి, మళ్లీ డెప్లాయ్ చేయాలి.'

కీలు కూడా వస్తాయన్న ఎస్తేర్ మాట అబద్ధమన్నమాట. మా అవ్వ చేతి అన్నం తిని, మా అవ్వనే నీళ్లపాలు చేస్తవా ఎస్తేర్?

"సార్, సైరన్ల అసలు కీ చెప్పుండ్రి. జల్ది!"

చీఫ్ ఒక్కో అక్షరం చదివాడు. జయరాజ్ టైప్ చేసి డెప్లాయ్ నొక్కాడు. స్క్రీన్ మీద బిల్డ్ చక్రం గిర్రున తిరుగుతోంది. "గేట్లు కదులుతున్నాయయ్యా!" చీఫ్ అరిచాడు.

'లైవ్' అని పడింది!

చీఫ్ ఫోన్‌లోంచి సైరన్ల మోత వినిపించింది. కాసేపటికి ఎవరిదో నంబర్ నుంచి తల్లి శాంతమ్మ ఫోన్ చేసింది.

"ఏం మోతరా బిడ్డా, చెవులు పలిగిపోయినయ్! గడ్డిమోపు ఆడనే పారేసి ఉరికొచ్చిన. ఎస్తేర్ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నదవ్వా," అని పెట్టేశాడు.

చీఫ్ మళ్లీ లైన్లోకొచ్చాడు. "చేవెళ్ల రోడ్డు మీద ముఠా మొత్తం దొరికింది. ఆ అమ్మాయి కూడా. మొదటినుంచీ వాళ్ల మనిషేనట."

జయరాజ్ లాప్‌టాప్ మూయబోయాడు. స్క్రీన్ మూలన హెల్ప్ చాట్ ఎగిరి వచ్చింది: 'ఇంకేమైనా అడగాలా?'

'ఎస్తేర్ గిట్లెందుకు చేసింది?' అని టైప్ చేశాడు.

జవాబు తడుముకోకుండా వచ్చింది: 'క్షమించండి. ఆ పేరుతో మీకు యాప్ ఏదీ లేదు.'