రెండు అడ్రసుల స్వప్న

వేదవతికి కోపం వస్తే మాట్లాడదు, బి.పి. మిషన్ పట్టీ చుడుతుంది. ఎల్బీనగర్‌లో తను నర్సుగా ఉన్న గల్లీ దవాఖానలో ఆ ఉదయం ఆ పట్టీని మూడోసారి విప్పి నాలుగోసారి చుడుతోంది. ఎదుటి కుర్చీలో పట్టాభి ఉన్నాడు మరి.

పేరు వింటే అరవై దాటిన పెద్దమనిషి అనుకుంటాం. ఇతనికి ముప్పై కూడా లేవు. అది తాతగారి పేరట. విజయవాడ నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ కుటుంబం. ఎనిమిది దేశాల్లో గర్భిణుల ఆరోగ్యం ఎంత మెరుగుపడిందో కొలిచే పెద్ద సర్వేలో ఈ చుట్టుపక్కల బస్తీలు ఇతని వాటా. చేతిలో టాబ్లెట్, ముఖంలో ఆ ఎనిమిది దేశాల బరువు.

“మా లిస్టులో మీ పేషెంటు ఒకామె రెండుసార్లు ఉందండీ.”

“నాకు ఒక్కసారి రాసెతందుకే టైమ్ లేదు సార్. ఎవలు?”

“స్వప్న. ఇరవై మూడేళ్లు, భర్త హరీష్. మీ దగ్గరొకటి, మూసారాంబాగ్ సెంటర్లో ఒకటి. అంకెలు పెంచుకోవడానికి ఎవరో...”

“ఎవరో అంటే నేనా?”

“నేనలా అనలేదండీ.”

“అన్నరు. ‘అండీ’ పెట్టి అన్నరు.”

వేదవతి పట్టీ ఇంకో చుట్టు బిగించింది.

“మొదటి కాన్పు తల్లిగారింట్ల చేస్తరు సార్. ఏడో నెల పడంగనే ఒడి నింపి తోల్కపోతరు. స్వప్న అత్తగారిల్లు ఈడ, అమ్మగారిల్లు ఆడ. ఈడ నేను రాసిన, ఆడి సిస్టర్ ఆడ రాసింది. మీ ఇంట్ల ఎవరూ కాన్పుకు పుట్టింటికి రాలేదా?”

“మా అక్క వచ్చింది,” అన్నాడు పట్టాభి. టాబ్లెట్ వైపు చూసి, “ఆ ప్రశ్న ఫారంలో లేదండీ. అందుకే డూప్లికేట్ అనుకుని మూడు వారాల క్రితం ఒకటి తీసేశాను.”

“ఏది తీసేసిన్రు?”

“మీదే.”

పట్టీ చుట్టడం ఆగిపోయింది.

“నాదాంట్ల ఎర్ర చుక్క ఉండె సార్. ఆరో నెలలనే బి.పి. పెరిగింది. వారం వారం చూడాలని నేనే పెట్టిన. మూసారాంబాగ్ సిస్టర్ చూసిన దినం నార్మల్ వచ్చింది. ఆమె దాంట్ల చుక్క లేదు.”

ఇద్దరూ ఒకేసారి టాబ్లెట్ మీదికి వంగారు. ప్రతి వారం ఎవరింటికి వెళ్లాలో నర్సులకి చెప్పే జాబితా ఇప్పుడు సర్వే లిస్టు నుంచే వస్తోంది. మూడు వారాలుగా వేదవతి జాబితాలో స్వప్న లేదు. అక్కడి సిస్టర్ చూస్తుందిలే అని ఈమె అనుకుంది. చుక్క లేదు కదా, నెలకోసారి చాలని ఆ సిస్టర్ అనుకుంది.

వేదవతి ఫోన్ చేసింది. రిజిస్టర్లో ఉన్నది హరీష్ నంబరు. అతను లారీ వేసుకుని బాటసింగారం పోయాడు, ఎత్తలేదు. మూసారాంబాగ్ సిస్టర్ టీకాల క్యాంపుకని వంతెన అవతలికి వెళ్లింది. వాన మొదలై ట్రాఫిక్ కదలడం లేదట.

“బండున్నదా?”

“స్కూటరండీ.”

“నడువుండ్రి.”

కొత్తపేట దాటేసరికి వాన దంచుతోంది. మెట్రో స్తంభాల కింద జనం గుంపులుగా నిలబడ్డారు. పట్టాభి బండి ఆపి తన రెయిన్‌కోటు విప్పి ఇచ్చాడు. వేదవతి దాన్ని తీసుకుని, తను వేసుకోలేదు. బి.పి. మిషన్‌కి చుట్టింది.

“గట్టిగా పట్టుకోండి.”

“పట్టుకున్న. మిషన్ ఎటు పోదు.”

“మిషన్ సంగతి కాదండీ.”

ఇంకోరోజైతే ఈ మాటకి ఆమె దగ్గర మంచి జవాబే ఉండేది. ఇవాళ అద్దంలో అతని ముఖం చూసింది. భయంతో పాలిపోయి ఉంది. భుజం పట్టుకుంది.

స్వప్న తల్లి తిరుపతమ్మ గుమ్మంలోనే ఎదురైంది. “దిష్టి తగిలింది సిస్టరమ్మా. ఉప్పు, మిరపకాయలు తిప్పేసిన. పొద్దుగాల్నుంచి తల నొస్తుందంటే పండుకోబెట్టిన.”

స్వప్న ముఖం ఉబ్బి ఉంది. “అక్కా, ట్యూబ్‌లైటు రెండు రెండు కనపడుతున్నది,” అంది మెల్లగా.

వేదవతి పట్టీ చుట్టింది. నూట డెబ్బై, నూట పది. కాసేపాగి మళ్లీ చూసింది. అంతే.

“పెద్ద దవాఖానకు పోవాలె. ఇప్పుడే.”

“అత్తగారోళ్లను అడగకుంట ఎట్ల తోల్కపోవాలె? రేపు నన్నంటరు. అల్లుడు ఫోన్ ఎత్తుతలేడు, జర ఆగుండ్రి...”

“ఆగితే ఫిట్స్ వస్తయి తిరుపతమ్మా. వాళ్లను నేను అడుగుత గానీ, గీమె ఎవలి బిడ్డ?”

తిరుపతమ్మ స్వప్న వైపు చూసింది. “నా బిడ్డే.”

“మరి లేపు.”

108 వస్తున్నానంది గానీ గల్లీ దొరకలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో పట్టాభి మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాడు. పదిహేను నిమిషాల తర్వాత ఆంబులెన్స్ గల్లీలోకి వచ్చింది. దాని ముందు, చేతులూపుకుంటూ, ఒక చెప్పు పోగొట్టుకున్న పట్టాభి.

పెద్ద దవాఖానలో ఆపరేషన్ గది బయట బల్ల మీద ఇద్దరూ అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

“ఒక్క వేలితో తీసేశానండీ,” అన్నాడతను. “ఒక మనిషిని.”

“నేను ఒక్క ఫోన్ కొట్టకపోతి.”

గంటన్నర గడిచింది. తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల, రెండు కిలోలకి కాస్త తక్కువ. తల్లి బి.పి. దిగుతోంది, గండం గడిచిందన్నారు. తిరుపతమ్మ గోడకానుకుని కూలబడింది. వేదవతి కళ్లలో అప్పటిదాకా ఆపుకున్నదంతా బయటికొచ్చింది. పట్టాభి కర్చీఫ్ ఇచ్చాడు. అది ఆమె కళ్లకంటే తడిగా ఉంది. నవ్వొచ్చింది ఆమెకి.

నెల తర్వాత పట్టాభి మళ్లీ దవాఖానకి వచ్చాడు. అదే కుర్చీ, అదే టాబ్లెట్.

“ఫారంలో కొత్త ప్రశ్న చేర్పించానండీ. కాన్పుకి వేరే ఇంటికి వెళ్తున్నారా, ఆ ఇల్లెక్కడ అని. రెండు అడ్రసులున్నా మనిషి ఒకటే, చుక్క రెండు చోట్లా కనిపిస్తుంది. మిగతా ఏడు దేశాల్లో కూడా అడుగుతారట.”

“వాళ్లకూ అమ్మలుంటరు గద.”

“ముందు ఎవరి మీదైనా టెస్ట్ చెయ్యాలి. మిమ్మల్ని అడగనా?”

“అడుగుండ్రి.”

“ఇప్పుడుంటున్న ఇల్లు?”

“హస్తినాపురం. అమ్మ, నాన్న, నేను.”

“తర్వాత... వెళ్లబోయే ఇల్లు?” అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఆప్షన్ చైతన్యపురి అని పెట్టానండీ. ఇంట్లో మా అమ్మకి కూడా చెప్పే వచ్చాను.”

“ఎన్ని ఆప్షన్లున్నయి?”

“అదొక్కటేనండీ.”

“గిదేం సర్వే?” అంటూ వేదవతి బి.పి. మిషన్ అందుకుని పట్టీ చేతిలోకి తీసుకుంది.

పట్టాభి కుర్చీ అంచుకి జరిగాడు. “కోపమొచ్చిందా?”

ఆమె అతని చెయ్యి లాగి, పట్టీ ఆ చేతికే చుట్టి, మిషన్ వైపు చూసింది.

“నూట యాభై. ఎర్ర చుక్క పెట్టాలె. వారం వారం చూడాలె. ఆదివారం మీ అమ్మను తీసుకోని ఇంటికి రండ్రి, ఆడ చూస్త.”

“అంటే చైతన్యపురి...?”

“రాసుకోండ్రి. హస్తినాపురం మాత్రం కొట్టెయ్యకుండ్రి,” అంది వేదవతి పట్టీ విప్పుతూ. “మొదటి కాన్పుకు ఆడికే పోత.”