సున్నం లాకు దగ్గర వెనక బండి

ఆత్రేయపురం దాటి బొబ్బర్లంక వైపు కాలవగట్టు మీద పోతుంటే సున్నం లాకు వస్తుంది — ఒకప్పుడు పడవల్ని దాటించడానికి కాలవకి తలుపులు కట్టిన చోటు. ఇప్పుడక్కడ తలుపులూ లేవు, పడవలూ లేవు. పాత రాతిగోడలు, వాటి మధ్య నల్లటి నీళ్ళు, పక్కనే ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరు. ఒంటేలుకి కూడా ఆగరు. పోయినేడు మూడు బళ్ళు ఆ మలుపులోనే కాలవలో పడ్డాయి. తాగి పడ్డారని కొందరంటారు... కాదని కొందరు గొంతు తగ్గించి చెబుతారు.

యెహెజ్కేలు ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు. షూటింగులకి అద్దెకిచ్చే కారవాన్ నడుపుతాడు — లోపల మంచం, ఏసీ, నిలువుటద్దం అన్నీ ఉండే బస్సు అది. దాని వెనకాలే జనరేటరు వేసుకుని పికప్పు నడిపేవాడు తమ్ముడు యిర్మీయా. తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి... ముందు అన్న, వెనక తమ్ముడు. మొన్న జూలైలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో యిర్మీయా పోయాడు.

యెహెజ్కేలు ఏడవలేదు. పెట్టె గోతిలోకి దింపేటప్పుడూ ఏడవలేదు. మర్నాడే డ్యూటీకెళ్ళాడు. పెడితే తిన్నాడు, పలకరిస్తే పలికాడు. లోపలంతా తిమ్మిరెక్కినట్టుంది, అంతే.

పికప్పు తమ్ముడి ఇంటి ముందే ఉండిపోయింది. నెల దాటాక ఓనరు అచ్చిబాబు గారు ఫోన్ చేశారు. కొత్త డ్రైవరు దొరకలేదట. కారవాన్‌కే తగిలించి రాజమండ్రి షెడ్డుకి లాక్కొచ్చెయ్యమన్నారు.

"రాడ్డు బిగించు. నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతాయి. గేరు న్యూట్రల్లో పెట్టు, హ్యాండ్‌బ్రేకు దించు. తాళంచెవి తిప్పి ఉంచు, లేకపోతే స్టీరింగు బిగిసిపోతుంది. మలుపుల్లో అది దానంతటదే తిరుగుతుంది... చూసి కంగారు పడకు."

"అలాగేనండి."

చెప్పినట్టే చేశాడు. గేరు అటూ ఇటూ ఊపి చూశాడు. తమ్ముడి అరచెయ్యి రాసుకుని రాసుకుని దాని మీద అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. అది చూసినా అతనికేమీ అనిపించలేదు. మరదలు బుల్లెమ్మ చెంబుతో మంచినీళ్ళిచ్చింది. తాగి, ముందుకెళ్ళి రాడ్డు పిన్నులు సరిచూసుకుని, కారవాన్ ఎక్కాడు. అప్పటికి గుమ్మంలో ఆమె లేదు. లోపలికెళ్ళి ఉంటుందనుకున్నాడు.

ఏడున్నరయింది. సన్నటి వాన. కారవాన్ వెనక కెమెరా ఉంది, దాని బొమ్మ డ్రైవరు ముందున్న చిన్న తెర మీద పడుతుంది. వెనక లైట్ల ఎర్రటి వెలుగులో పికప్పు అద్దం, అద్దం వెనక స్టీరింగు మసగ్గా కనబడుతున్నాయి. మలుపొచ్చినప్పుడల్లా స్టీరింగు మెల్లగా తిరుగుతోంది. ఓనరు గారు చెప్పినట్టే... దానంతటదే.

సున్నం లాకు వచ్చింది. వంతెన ముందు నడక వేగానికి దించాడు.

బండి కొంచెం కుంగినట్టయింది. గతుకేమో అనుకున్నాడు.

మలుపు తిప్పాక తెలిసింది, తప్పు చేశానని. కారవాన్ ఒక్కటే అయితే ఆ మలుపు చాలు. కానీ వెనక ఇంకో బండి ఉంది. అది లోపలికి కోసుకొస్తోంది. దాని ఎడమ చక్రం గట్టు అంచుకి జానెడు దూరంలో ఉంది. కింద కాలవ. అది జారితే దీన్నీ లాక్కుపోతుంది. బ్రేకు వేస్తే బురదలో ఇంకా జారుతుంది...

తెర వైపు చూశాడు.

స్టీరింగు మీద రెండు చేతులున్నాయి.

తొందర లేకుండా, తెలిసిన డ్రైవరు తిప్పినట్టు, కుడి వైపుకి తిప్పాయి. పికప్పు అంచు వదిలి రోడ్డు మీదకొచ్చింది. రెండు బళ్ళూ వరుసగా వంతెన దాటాయి.

యెహెజ్కేలుకి భయం వెయ్యలేదు. నెల తర్వాత మొదటిసారి గుండె కొట్టుకోవడం వినబడింది. 'తమ్ముడూ' అనుకున్నాడు... అంతే.

వంతెన దాటి కొంత దూరం పోయాక బండి ఆపి, టార్చి వేసుకుని వెనక్కి నడిచాడు.

డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

ఎడమ పక్క, డాష్‌బోర్డు కింద, ఎవరో ముడుచుకుని కూచుని ఉన్నారు.

"నేనేనండి, బావగారూ..."

బుల్లెమ్మ. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"ఆయన నన్నెప్పుడూ ఈ బండి ఎక్కించుకోలేదండి. ఓనరు గారి బండి, తప్పనేవారు. ఇంక రాదు కదా అని... మీరు ముందుకెళ్ళినప్పుడు ఎక్కేశాను."

యెహెజ్కేలు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కొట్టుకున్న గుండె మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది. ఇదన్నమాట సంగతి.

"పోనీలేమ్మా. సమయానికి స్టీరింగు తిప్పావు. లేకపోతే ఇద్దరం కాలవలో ఉండేవాళ్ళం."

"నేనేం తిప్పానండి?"

"వంతెన ముందు, మలుపులో."

బుల్లెమ్మ కొంగు తీసింది.

"నాకు బండి రాదు కదండీ. వంతెన దగ్గర మీరెక్కించిన డ్రైవరు తిప్పాడేమో."

"...ఏ డ్రైవరు?"

"బండి నెమ్మదించగానే తలుపు తీసుకుని ఎక్కాడు కదండీ. నన్ను చూస్తే మీకు చెప్పేస్తాడని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తడి కాళ్ళు... నా చేతికి తగిలాయి. 'జరుగు' అన్నాడు. వంతెన దాటగానే దిగిపోయాడు."

యెహెజ్కేలు టార్చి వంతెన వైపు తిప్పాడు.

అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి గుసగుసగా అడిగాడు.

"గొంతు... మనవాడిదేనా అమ్మా?"

బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆయన గొంతయితే కళ్ళు తెరిచేదాన్ని కదండీ, బావగారూ."