అరవై నాలుగో విచారణ

"వదిలేసే అవకాశం నలభై తొమ్మిది శాతం," అంది పలకలోని నకలుపీఠం. "ప్రశ్న పూర్తికాకముందే అమ్మాయి తప్పు ఒప్పుకుంది."

"విన్నావా? అవతలి మనిషి నోరు తెరవకముందే ఎవరన్నా ధర చెప్తారటే?" మాలకొండయ్య ఉప్మా పళ్లెం పక్కకు నెట్టి పలక దగ్గరికి జరిగాడు. "మళ్లీ మొదలెట్టు."

"ఇప్పటికి అరవై రెండుసార్లయింది నాయనా," అంది కృత్తిక.

"అయితే ఇది అరవై మూడోది."

పలక మీద న్యాయాధికారి వాగ్దేవి ముఖం మళ్లీ వెలిగింది. అసలు వాగ్దేవి కాదు, ఆమె నకలు. ఆమె ఇచ్చిన తీర్పులు, ఎత్తిన కనుబొమలు, మధ్యలో దగ్గిన దగ్గులు అన్నీ పోగేసి తయారుచేసినది. ఆ రోజుల్లో నకలుతో సాధన చెయ్యకుండా ఎవరూ ఎవరినీ కలవడం లేదు. ఉద్యోగానికీ, పెళ్లిచూపులకీ సరే, అలిగిన బావమరిదిని పలకరించాలన్నా ముందు పలక ముందు కూర్చోవలసిందే.

కృత్తికకు పదిహేడేళ్లు. వాహనాలన్నీ వాటంతటవే నడుస్తున్నా, పశువుల వ్యాపారం చేసే కుటుంబాలకు మాత్రం బండిని చేత్తో నడిపే హక్కు మిగిలింది. గేదె బెదిరితే బండి ఆపవలసింది మనిషే కదా. నడిపే అనుమతి పత్రం వచ్చిన రెండో నెలలోనే, రైలు పట్టాల పక్క రోడ్డు మీద, ముప్పై దాటకూడని చోట యాభై ఎనిమిదిలో పోయిందని ఆమెకు తాఖీదు వచ్చింది. మొదటి తప్పే. అయినా న్యాయాధికారికి కోపం వస్తే పాతికేళ్లు నిండేదాకా బండి ముట్టుకునే వీల్లేదు. ఆ పిల్ల వారం రోజులుగా సరిగా అన్నం తినలేదు.

మాలకొండయ్యకు మాత్రం ఆ వారమంతా పండగలా గడిచింది. ముప్పై ఏళ్ల సంతలో ఇంత రంజైన బేరం ఆయనకు తగల్లేదు. మూడో ప్రశ్న తరువాత వాగ్దేవి గొంతు కాస్త దిగుతుంది. జవాబుకు ముందు పిల్ల రెండు క్షణాలు తల వంచితే తొమ్మిది శాతం పెరుగుతుంది. "కొనే మనిషేనమ్మా ఈమె. ఊరికే పళ్లు పట్టి చూస్తోందంతే," అన్నాడు.

అరవై మూడోసారి తొంభై నాలుగు వచ్చింది. హెచ్చరికతో వదిలేస్తారని పలక చెప్పింది. మాలకొండయ్య తొడ చరిచాడు.

ఒక్కటే చిక్కు. కోర్టులోకి పలకల్ని రానివ్వరు. ఉన్నవి అయిదు జవాబులు, ఏది ఎప్పుడో కృత్తికకు తడబాటు. దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. పశువుల బేరగాళ్లు నలుగురికీ వినపడకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. ఏ వేలు నొక్కితే ఆ జవాబు.

కోర్టులో మైనరు పక్కన తండ్రిని కూర్చోనిచ్చారు. తువ్వాలు ఇద్దరి ఒళ్లోకీ జారింది. మొదటి ప్రశ్నకు చూపుడువేలు. రెండో దానికి ఉంగరపు వేలు. కృత్తిక తల వంచింది, రెండు క్షణాలు ఆగింది, చెప్పింది. బేరం కుదిరినట్టేనని మాలకొండయ్య అనుకున్నాడు.

వాగ్దేవి కలం కింద పెట్టింది.

"ఇదే జవాబు, ఇదే చోట ఆగి, ఈ వారంలో పదకొండుమంది చెప్పారమ్మా. మీ అందరికంటే నాకే బాగా కంఠతా వచ్చింది. అసలు ఆ రోజు ఏం జరిగింది?"

ఈ ప్రశ్న నకలు ఒక్కసారీ అడగలేదు. మాలకొండయ్య తోచక చిటికెన వేలు నొక్కాడు. కృత్తిక మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పక్కన రైలు వస్తా ఉంది మేడం. కిటికీలో ఒక చిన్నపిల్ల నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. రైలు ముందుకు పోతా ఉంటే ఆ పిల్ల ఇంకా ఊపుతానే ఉంది. ఆపబుద్ధి కాక రైలుతో పాటే పోయాను."

"అంటే ఒంటి చేత్తో నడిపావా?"

"అవును మేడం."

మాలకొండయ్య కళ్లు మూసుకున్నాడు. ఏ నిఘాకన్నూ పట్టని తప్పు అది.

"బండిలో పశువులున్నాయా?"

"లేవు మేడం. ఉంటే పోయేదాన్ని కాదు."

"అంత వేగంలో ఎట్లా ఉంది?" అని అడిగింది వాగ్దేవి. ఆమె జన్మలో బండి నడపలేదు.

"గాలి నోట్లోకి కొడతా ఉంది మేడం. పిచ్చి నవ్వొచ్చింది."

వాగ్దేవి కిటికీ వైపు చూసింది. తరువాత తీర్పు చెప్పింది. "వేగానికి ఒక నెల. చెయ్యి ఊపినందుకు రెండు నెలలు. నాలుగో నెల నుంచి రెండు చేతులతో నడుపుకో."

వరండాలో పలకలు పట్టుకుని ఇరవైమంది దాకా కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది కనుక అంతా విన్నారు. ఒకావిడ తన పలక గొంతు తగ్గించి, పక్కనున్న కొడుకును అడిగింది. "ఒరేయ్, ఇంతకీ నువ్వెందుకు చేశావురా ఆ పని?" వాడు బిత్తరపోయాడు. ఆ జవాబు వాడికి ఎవరూ నేర్పలేదు.

మెట్లు దిగుతూ మాలకొండయ్య తిట్టబోయాడు. మూడు నెలల నష్టం. పిల్ల ముఖం చూస్తే వెలిగిపోతోంది.

"నాకు ముందే చెప్పకపోతివే?"

"నువ్వు అడిగితేగా."

ఆయన మిగతా మెట్లన్నీ దిగాడు. కింద నిలబడి అడిగాడు.

"ఆ పిల్ల ఏ రంగు గౌను వేసుకుందే?"