గరాటులో ఆగిన పొడి

"గనుల్లో పేల్చే మందు ఇన్‌స్పెక్టర్ రాయమల్లును కాల్చేశారు. చచ్చేముందు ఫోన్‌లో ఒక్కటే చెప్పాడు, డబ్బాలో పొడి మార్చారని. విదేశీ ముఠా పని. అసలు పొడి ఎక్కడుందో కనిపెట్టు," అన్నాడు చీఫ్ హైదరాబాద్ నుంచి.

ఏజెంట్ యేసుదాసు బెల్లంపల్లి బిడ్డే. అక్కడి మందు షెడ్డులో అతని మారువేషం, పొడిని పరీక్షించే ఆఫీసరు. పేలుడు పొడిని గాజు గరాటులోంచి జారవిడుస్తారు. సాఫీగా పారితేనే ప్యాకింగ్, ఆ తర్వాతే లారీ.

పక్కన గంగుబాయి. భైంసా మనిషి, నల్లకళ్లద్దాలు, సెంటు వాసన. ముఠాలో దూరి మనకు కబుర్లు అందించే ఏజెంట్. అందగత్తె అంటే తక్కువ చెప్పినట్టే.

డబ్బాలన్నీ బాగానే పారాయి. ఒకదాని పొడి మాత్రం గరాటులో ఆగిపోయింది. తడికి గడ్డకట్టిన మందేమోనని ప్యాకింగ్ చేసే రాజక్క నెమలీక అందుకుంది. ఆ షెడ్డులో గరాటును ఎవరూ తట్టరు, ఈకతో నిమురుతారు. ఈలోపు గంగుబాయి పెన్ను తీసి టకటకా కొట్టింది.

"మేడం, గట్ల కొడ్తరా? అందరం పోతం," అంటూ రాజక్క గోడకు అంటుకుపోయింది.

గంగుబాయి బెదరనేలేదు. పేలదని ముందే తెలిస్తేనే అంత ధైర్యం! యేసుదాసు చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాడు. తియ్యగా ఉంది. మిషన్ బడిలో తాగి పెరిగిన పాలపొడి. మరి మిషన్ బడులకు వెళ్లే పాలపొడి బస్తాల్లో ఏముంది? ఆ బస్తాలతోనే తన తండ్రి, బాపు బక్కయ్య ఇందాక ఆసిఫాబాద్ పాసింజర్ ఎక్కాడు.

"లేటయింది బాబా. గడియారం తిరుగుతున్నది," అని గంగుబాయి పిస్టల్ తీసింది. రాజక్క చెక్క పారతో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చుకుంది. పిస్టల్ జారిపడింది.

జీపులో పడి తర్వాతి స్టేషన్ రేచిని చేరేసరికి రైలు కదులుతోంది. యేసుదాసు పరుగెత్తి సామాన్ల పెట్టె పట్టుకున్నాడు. లోపల బాపు బస్తా మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిర గీ పరేషాన్?"

యేసుదాసు ఒక బస్తా కోసి, వెంట తెచ్చిన గరాటు పట్టాడు. పాలపొడి ముద్దకట్టి ఆగింది. ఇంకోటి కోశాడు, ఆగింది. ఇంకోటి, అదీ అంతే. దేవుడా, ఇది కాదు, ఇది కూడా కాదు! కళ్లు మసకబారాయి.

"లే బాపు!"

బాపు కూర్చున్న బస్తాను కోశాడు. పొడి నీళ్లలా జారిపోయింది. చెయ్యి లోపలికి దూర్చితే టిక్కుమంటున్న డబ్బీ తగిలింది. తీగలు పట్టి పీకేశాడు. దాని గడియారం ముల్లు చివరి గీత మీదకు వచ్చి ఆగింది.

యేసుదాసు బాపును గట్టిగా పట్టుకుని బావురుమన్నాడు. బక్కయ్య కొడుకు వీపు నిమిరి, తెగిన బస్తాల వంక చూశాడు.

"ఏడ్సుడు తర్వాత. దబ్బనం నా సంచిల ఉన్నది. ఆసిఫాబాద్ వచ్చేదాంక కూసొని కుట్టు."